మెట్ల మీది దూలం

“ఇద్దరూ బయటికి నడవండి. మనిషి అడ్డుంటే ఈ మెషీన్ ఆ మనిషినీ గోడలో కలిపేస్తుంది” అంది నెలిదా.

ఒఫెలియా, ఆ ముసలాయన వరండాలోకి వచ్చారు. లోపల ముక్కాలి స్టాండు మీద లేజర్ యంత్రం మెల్లగా తిరుగుతూ మెట్లదారిని కొలవడం మొదలుపెట్టింది.

తుకుమాన్ ఊరి చివర ఉన్న ఆ భవనం ఒకప్పుడు పోలీసు ఠాణా. మిలిటరీ పాలనలో ఎత్తుకొచ్చిన వాళ్ళను కళ్ళకు గంతలు కట్టి దాని నేలమాళిగలో పడేశారు. తర్వాత అది చక్కెర గోదాము అయింది. ఇన్నేళ్ళకు అప్పటి కాపలావాళ్ళ మీద కేసు విచారణకు వచ్చింది. బతికి బయటపడ్డ వాళ్ళ తరఫు లాయరు ఒఫెలియా. భవనాన్ని ఉన్నదున్నట్టు కంప్యూటర్లో కట్టి కోర్టుకు ఇవ్వడం నెలిదా పని.

ముసలాయన పేరు ఎవరిస్తో. పోయిన వారం తనే వెతుక్కుంటూ వచ్చాడు. “ఆ రోజుల్లో నేనక్కడున్నాను. దారి చూపిస్తాను” అన్నాడు. ఒఫెలియా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఇటుకలతో మూసేసిన మెట్లదారి ఆయన చూపించిన చోటే బయటపడింది.

ఒఫెలియా మాతే ఆకుల కషాయం కాచి, అందరూ పంచుకు తాగే సొరబుర్రలో పోసి ఆయన చేతికిచ్చింది.

“వద్దమ్మా.”

“ఇదేం మర్యాద ఎవరిస్తో గారూ? విషం కలపలేదు లెండి. మీరూ మావాళ్ళే.”

ఆయన బుర్ర అందుకున్నాడు. తాగలేదు.

లోపలి నుంచి నెలిదా ట్యాబ్లెట్ పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయి ఉంది.

“ఒఫెలియా, దూలం లేదు.”

“ఏ దూలం?”

“నీ సాక్షులు ముగ్గురూ చెప్పిందే. మెట్లు దిగేటప్పుడు నెత్తికి తగిలే దూలం ఉండేదనీ, తల వంచి దిగేవాళ్ళమనీ. కప్పు ఎంత ఎత్తుందో చూడు. గుర్రమెక్కి దిగొచ్చు.”

“తర్వాత పీకేసుంటారు.”

“పీకితే గోడలో పూడ్చిన మచ్చ ఉంటుంది. గోరు మందం ఉబ్బినా యంత్రం పట్టేస్తుంది. ఈ గోడ కట్టినప్పటి నుంచీ ఇలాగే ఉంది.”

“అయితే ఆ ముక్క చెరిపెయ్.”

“పిచ్చా నీకు? ఒక్క చుక్క చెరిపినా మొత్తం చెల్లదంటారు. పైగా ఇది ముద్దాయిల లాయరుకు కూడా వెళ్తుంది.”

ఒఫెలియా మెట్టు మీద కూలబడింది.

“రేపు మన సాక్షి డెల్ఫినా టీచర్ని బోనెక్కిస్తాడు. ‘లేని దూలం గుర్తున్నదానివి, కాపలావాళ్ళ గొంతులు మాత్రం సరిగ్గా గుర్తున్నాయా?’ అంటాడు. ఆ గొంతులే కదా మన కేసంతా! వాళ్ళు నవ్వుకుంటూ ఇంటికి పోతారు. ఆవిడ ఇప్పటికీ ఏ గుమ్మం దాటినా తల వంచుతుంది నెలిదా. అది అబద్ధమెలా అవుతుంది?”

“అబద్ధం కాదు” అన్నాడు ఎవరిస్తో.

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు.

“దూలం ఎప్పుడూ లేదు. అది కాపలావాళ్ళ ఆట. మెట్ల దగ్గర ‘దూలం ఉంది, తల వంచు’ అనేవారు. గంతలు కట్టిన మనిషి ఉత్త గాలికి వంగేవాడు. ఒక చూలాలు కూడా పొట్ట పట్టుకుని వంగింది. అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.”

లోపల యంత్రం తిరగడం ఆగిపోయింది.

“మీ గంతలు వదులుగా కట్టుంటారు. మేరీమాత దయ” అంది ఒఫెలియా కళ్ళు తుడుచుకుంటూ. “ఇదే మాట రేపు కోర్టులో చెప్తారా?”

“చెప్పడానికే వచ్చాను.”

“వాళ్ళ లాయరు మిమ్మల్ని పీక్కుతింటాడు.”

“తిననీ.”

నెలిదా ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఒళ్ళు బిగుసుకుంది.

“పొద్దున్నే రండి ఎవరిస్తో గారూ” అంది ఒఫెలియా. “ముందు వరుసలో, డెల్ఫినా టీచర్ పక్కన మీకు చోటు ఉంచుతాను.”

ఆయన లేచి నిలబడ్డాడు.

“నన్ను ముద్దాయిల పక్కన కూర్చోబెట్టమ్మా.”