ఆగని లీకు

“చూశావా? మళ్లీ ఆ షెడ్డుకే!”

పెద్దోడు చేతిలోని స్పానర్ని డబ్బాలోకి విసిరాడు. అన్నం క్యారియర్ తెచ్చిన భార్య ఉలిక్కిపడింది.

రోడ్డుకు అవతల, సరిగ్గా ఎదురుగా, చిన్నోడి షెడ్డు ముందు గురువుగారి పాత మోటార్‌సైకిల్ ఆగింది. ఆగీ ఆగకముందే కార్బురేటర్ కింద నేల పెట్రోలుతో తడిసింది. గురువుగారు ఎప్పటిలాగే స్టూలు లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పెద్దోడు, చిన్నోడు అన్నవి ఆయన పెట్టిన పేర్లే. ఇద్దరూ ఆయన దగ్గరే పనిలో చేరారు. పెద్దోడు పని పూర్తిగా నేర్చుకుని సొంత షెడ్డు పెట్టుకున్నాడు. చిన్నోడికి కార్బురేటర్ పని ఇంకా చేతికి రాకముందే ఆ స్థలం ఎవరో కొనుక్కోవడంతో గురువుగారు షెడ్డు మూసేశారు. చిన్నోడు ఆ వచ్చీరాని పనితోనే కొట్టు తెరిచాడు. అదీ పోయి పోయి పెద్దోడి కళ్లెదుట.

“ఆయన బండి, ఆయనిష్టం. మధ్యలో మీకెందుకు కడుపుమంట?” అంది భార్య గిన్నెలు విప్పుతూ.

“మంట కాదా మరి? ముందు చేరింది నేను. ఆయన తిట్లన్నీ తిన్నది నేను. నా గుమ్మం ముందు నుంచే వెళ్తూ ‘ఏరా పెద్దోడా, బాగున్నావా’ అని పలకరించి, బండి మాత్రం తీసుకెళ్లి వాడి చేతిలో పెడతారా?”

“నాకివ్వండి గురువుగారూ అని అడగొచ్చుగా?”

“అడుక్కోవాలా నేను?”

“అయితే ఏడవండి,” అని ఆవిడ మంచినీళ్లు అక్కడ పెట్టింది.

పెద్దోడికి గిరాకీకి లోటు లేదు. కావలసిందల్లా ఒక్కటే, గురువుగారి కంటికి తానే గొప్ప శిష్యుడిగా కనబడాలి. ఆ ఒక్కటీ రోడ్డు దాటి అవతలికి పోతుంటే ముద్ద దిగడం లేదు.

ఉన్న ఓదార్పల్లా ఆ లీకు ఆగకపోవడమే. ఒక వారం అడుగు స్క్రూ దగ్గర కారేది. చిన్నోడు సాయంత్రం దాకా తంటాలు పడి ఆపేవాడు. మరో వారం ప్యాకింగ్ అంచున చెమర్చేది. ఇంకో వారం పైపులోంచి ధారే కట్టేది. పెద్దోడు ఇటు నుంచి చూసి లోలోపల పండగ చేసుకునేవాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. “గురువు బండికే లీకు ఆపలేనివాడు మీ బండికేం ఆపుతాడండీ?” అని వచ్చినవాళ్లందరి చెవినా వేశాడు. చిన్నోడి గిరాకీలు కొందరు ఇటు తిరిగారు కూడా. అయినా చిన్నోడు ఎదురుపడితే “బాగున్నావా అన్నా” అనే అంటాడు. అది చూస్తే పెద్దోడికి ఇంకా ఒళ్లు మండుతుంది.

ఒకరోజు చిన్నోడి షెడ్డుకు తాళం పడింది. సంగతి తెలియక గురువుగారు బండి తోసుకుంటూ వచ్చి తాళం చూసి నిలబడిపోయారు. పెద్దోడు ఒక్క అంగలో రోడ్డు దాటాడు.

“వాడి పాపకి జ్వరమట, డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఇలా ఇవ్వండి.”

“వద్దులేరా, రేపొస్తాను.”

“నా చేతికేమైంది గురువుగారూ?” పెద్దోడు హ్యాండిల్ పట్టుకున్నాడు. ఆయన వదిలేశారు.

పెద్దోడు కార్బురేటర్ అడుగు గిన్నె విప్పాడు. పెట్రోలు మీద తేలే ఫ్లోటుకు ఉండే చిన్న నాలుక వంగి ఉంది. అందుకే గిన్నె నిండినా, పెట్రోలును ఆపాల్సిన నీడిల్ దారి మూయడం లేదు.

“ఇది అరిగి వంగింది కాదు. ఎవరో ప్లయర్‌తో వంచారు!”

“అలాగా,” అన్నారు గురువుగారు రోడ్డు వైపు చూస్తూ.

ఆ వంచిందెవరో పెద్దోడికి తెలియకనా! చేతకానివాడు కెలికితే ఇంతే అనుకున్నాడు. నాలుక సరిచేశాడు. నీడిల్, ప్యాకింగ్ కొత్తవి వేశాడు. చెత్త దిగకుండా పైపుకు ఫిల్టరు పెట్టాడు. పెట్రోలు ట్యాప్ తెరిచి ఇద్దరూ చాలాసేపు చూశారు. గురువుగారు గిన్నె అడుగున వేలితో తడిమారు. తడి అంటలేదు.

“చెయ్యి తిరిగిందిరా నీకు,” అన్నారు. మెచ్చుకున్నారే గానీ మొహంలో వెలుగు లేదు.

“బండి ఆపగానే ట్యాప్ కట్టేయండి. ఇక చుక్క కారితే నా పేరు పెద్దోడే కాదు. ఆ షెడ్డుతో మీకింక పనే ఉండదు.”

“నీకేంరా,” అని ఒక నిట్టూర్పు విడిచి ఆయన బండి ఎక్కారు. పెద్దోడు మాత్రం సాయంత్రమంతా ఈల వేస్తూనే పనిచేశాడు.

వారం తిరిగింది. బండి చిన్నోడి షెడ్డు ముందే ఆగింది. కింద నేల మళ్లీ తడిసింది.

పెద్దోడికి తల కొట్టేసినట్టయింది. గురువుగారు టీ తాగడానికి సందు చివరికి వెళ్లేదాకా ఓపిక పట్టి, విసవిసా రోడ్డు దాటాడు. చిన్నోడు విప్పిన ముక్కలన్నీ గుడ్డ మీద పరిచి, ఫ్లోటును వెలుతురుకి పెట్టి తిప్పితిప్పి చూస్తున్నాడు.

“నేను బిగించింది చెడగొట్టావు కదరా! బండి బాగైతే ఆయన నీ గుమ్మం తొక్కరని, నువ్వే లీకులు పెట్టి తిప్పించుకుంటున్నావు. ఆయన ఇంటికి వెళ్లి మరీ కెలికావా? గురువుని మోసం చెయ్యడానికి సిగ్గు లేదూ?”

చిన్నోడు కంగారుగా లోపల కూర్చున్న గిరాకీ వైపు చూశాడు. “మెల్లగా అన్నా. వింటారు.”

“విననీ! నీ బండారం అందరికీ తెలియనీ!”

చిన్నోడు తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పెద్దోడికి మాత్రమే వినబడేలా అన్నాడు.

“లీకు పెట్టేది గురువుగారే అన్నా, నాకు పని నేర్పడానికి.”