ఏ బోస్కొలో?

పడవ మునిగిందన్న కబురు పొద్దున్నే వచ్చింది. మధ్యాహ్నం దాటినా అత్తాకోడళ్లిద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చునే ఉన్నారు. బయట గాలి హోరు తగ్గలేదు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి అడుగంటుతోంది. దించాలన్న ధ్యాస ఎవరికీ లేదు.

పడవలో వెళ్లింది ఇద్దరే. ఎర్సీలియా మొగుడు, ఆమె కోడలు నివేస్ కొడుకు. తాతా మనవళ్లు. నివేస్ మొగుణ్ణి సముద్రం ఏనాడో పొట్టన పెట్టుకుంది. ఆమెకు మిగిలింది ఈ ఒక్క పిల్లాడే.

"అత్తయ్యా, ఇంకోసారి రేవుకి వెళ్లొస్తా."

"వెళ్లి ఏం చేస్తావే? నువ్వు గుడ్లురిమి చూస్తే సముద్రం భయపడుతుందా? కూర్చో."

తలుపు చప్పుడైంది. హార్బర్ ఆఫీసు సావేరియో. ఇటలీ దక్షిణాది నుంచి బదిలీ మీద వచ్చినవాడు.

వీళ్ల ఊరు కియోజ్జాలో బోస్కొలో అని కేకేస్తే సగం ఊరు తిరిగి చూస్తుంది. బోస్కొలో అంటే అడవి మనిషి అంటారు. చెట్టూ చేమా లేని ఈ ఉప్పునీటి ఊరికి ఆ పేరు ఎలా వచ్చిందో గానీ, వచ్చింది ఊరుకోలేదు. వీధులు నిండి, సముద్రాలు దాటి అర్జెంటీనా దాకా పాకింది. అందుకే ఇంటిపేరు పక్కన మారుపేరు కూడా తగిలిస్తారు, సర్కారు కాగితాల్లో సైతం. వీళ్లది గ్రాన్సో, అంటే పీత. ఎవరో ముత్తాత తాగి అడ్డంగా నడిచేవాడట.

ఇదంతా తెలియక సావేరియో వచ్చిన కొత్తలో ఒక చావుకబురు మోసుకుని వేరే బోస్కొలో ఇంటికి వెళ్లాడు. ఇంటావిడ శోకాలు మొదలెట్టాక, పోయాడన్న మనిషి లోపల్నుంచి ఆవులిస్తూ వచ్చి "ఎవరే పోయింది?" అని అడిగాడు. ఊరు ఇప్పటికీ నవ్వుతోంది. ఈసారి తప్పు జరగకూడదని అతను గట్టిగా అనుకుని వచ్చాడు.

"గ్రాన్సో వాళ్లిల్లే కదమ్మా? మారుపేరు అడిగి మరీ వచ్చాను."

"మాదే. చెప్పు నాయనా," అంది ఎర్సీలియా.

"ఏదో పరాయి దేశం ఓడ ఒకర్ని పైకి లాగింది. రెండో మనిషి వాళ్ల కళ్లముందే మునిగిపోయారట. బతికినవారు పేరు చెప్పి స్పృహ తప్పారు. అంతవరకు వినబడి వైర్‌లెస్ ఆగిపోయింది. రేపు ఓడ అవతలి ఒడ్డు చేరేదాకా ఇంకేమీ తెలీదమ్మా." టోపీ తీసి, ఒక్కో ముక్కా జాగ్రత్తగా పలికాడు. "బోస్కొలో గ్రాన్సో ఒలిందో."

ఇద్దరూ కదల్లేదు. నవ్వలేదు, ఏడవలేదు. సావేరియో వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. కొంపదీసి మళ్లీ ఇల్లు తప్పానా?

"ఆయన... మీకేమవుతారమ్మా?"

నివేస్ నోరు తెరిచింది. అత్త మొహంలోకి చూసింది.

"నా మనవడు," అంది ఎర్సీలియా.

"అయితే పెద్దాయన..."

"అవును నాయనా. నువ్విక వెళ్లు."

అతను వెళ్లాక ఎర్సీలియా నల్ల శాలువా తెచ్చి తలమీద కప్పుకుంది. మేకుకున్న మొగుడి ఉన్ని టోపీ తీసి ఒళ్లో పెట్టుకుంది. నివేస్ వచ్చి ఆమె మోకాళ్లు వాటేసుకుంది.

"నిజంగానా అత్తయ్యా? మరియమ్మ మీద ఒట్టేసి చెప్పండి."

"ఒట్టు. నీ కొడుకు వస్తాడు. లేచి ఆ సంకటి దించు, ఇల్లంతా మాడు వాసన."

నివేస్ వెక్కుతూ, కళ్లు తుడుచుకుంటూ, దాదాపు నవ్వుతూ లేచింది. రేపటి దాకా కోడలికి ఇవ్వడానికి ఎర్సీలియా దగ్గర ఇంకేమీ లేదు.

మొదటి మనవడికి తాత పేరే ఉండాలని, పంతొమ్మిదేళ్ల కిందట చర్చిలో పట్టుబట్టి ఆ పిల్లాడికి ఒలిందో అని పెట్టించింది ఆమే.