వినయానికో కుర్చీ

“లేవకండి. ఎవరొచ్చి అడిగినా సరే, లేవకండి,” అంటూ పెళ్ళి హాలు ఆఖరి వరుసలో దర్జీ వదిన తన మొగుణ్ణి చొక్కా పట్టుకుని మళ్ళీ కుర్చీలోకి లాగింది.

“ముందు అన్ని కుర్చీలు ఖాళీగా పెట్టుకుని ఈ మూలకెందుకే?” అన్నాడు బస్సు డ్రైవరైన మొగుడు.

“ఆదివారం ప్రసంగంలో గురక పెడితే ఇలాంటి సందేహాలే వస్తాయి. విందుకి పిలిస్తే పోయి ఆఖర్న కూర్చోమన్నారు కదా పాస్టరుగారు! పిలిచినాయనే వచ్చి ముందుకి తీసుకెళ్తాడట. అదీ, అందరూ చూస్తుండగా!”

ఆ చివరి ముక్క అంటున్నప్పుడు ఆమె చూపు మొదటి వరుస మీదకి పోయింది. అక్కడ తోడికోడలు మెడ నిక్కించుకుని కూర్చుంది. ఏ పెళ్ళికెళ్ళినా ఆవిడకి మొదటి వరుస, ఈవిడకి స్తంభం చాటు. ఈసారి అలా కుదరదు. పెళ్ళికూతురి బట్టలు కుట్టింది తను. పెళ్ళికూతురి నాన్న స్వయంగా వచ్చి, తోడికోడలి ముక్కు ముందునుంచే తనని తీసుకెళ్ళాలి. అంతవరకూ మంచినీళ్ళు కూడా ముట్టేది లేదు.

అయినా ఆఖరి వరుసలో కష్టమేముంది? కుర్చీలకి తెల్లటి గుడ్డలు తొడిగారు. రెండు పక్కలా కూలర్లు. ముందున్నవాళ్ళేమో పాటల మోతకి చెవులు మూసుకుంటున్నారు. పాస్టరుగారు చెప్పినట్టు తనని తాను తగ్గించుకున్నందుకు ఫలితం అప్పుడే మొదలైందనుకుంది. ఒళ్ళో చంటిది హాయిగా నిద్రపోయింది.

ఇంతలో పెళ్ళికూతురి చెల్లెలు వచ్చింది.

“వదినా, కాస్త ముందుకొచ్చి కూర్చుంటారా?”

“నాకెందుకమ్మా ముందు వరుసలు? నేనెంత, నా బతుకెంత?” అని తల వంచేసింది.

పిల్ల బిక్కమొహం వేసుకుని వెళ్ళిపోయింది.

“పిలిచింది కదే!” అన్నాడు మొగుడు.

“చెల్లెలు పిలిస్తే వెళ్ళిపోతామా? అణకువకి కూడా ఓ స్థాయి ఉండొద్దూ?”

ఈసారి పెళ్ళికూతురి మేనమామ చెమటలు కక్కుతూ వచ్చాడు.

“అమ్మా, ముందు బోలెడు చోటుంది. దయచేసి...”

“అక్కడ గొప్పవాళ్ళని కూర్చోబెట్టండి అన్నయ్యగారూ. మేం మట్టిబెడ్డలం.”

“అది కాదమ్మా, మీకెలా చెప్పాలో తెలీడం లేదు...”

“చెప్పక్కర్లేదు. మీ మంచి మనసు నాకు తెలీదా?”

ఆయన తల పట్టుకుని పరుగెత్తాడు.

“హాలంతా మనవైపే చూస్తోందే, పోదాం పద.”

“చూడనివ్వండి. మా తోడికోడలక్క చూస్తోందా?”

“మెడ పట్టేసేలా చూస్తోంది.”

“అయితే ఇంకో ఐదు నిమిషాలు తగ్గించుకుందాం.”

ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పెళ్ళికూతురి నాన్నే పడుతూ లేస్తూ వచ్చాడు.

“తల్లీ, నీకు దణ్ణం పెడతాను. నా పరువు నీ చేతుల్లో ఉంది. ముందుకి రామ్మా!”

దర్జీ వదినకి కళ్ళు చెమర్చాయి. “అంత మాటెందుకు బాబాయిగారూ? మీ మాట తీసెయ్యలేక వస్తున్నా.”

చంటిదాన్ని భుజాన వేసుకుని, మొగుడు వెనకే రాగా, హాలు మధ్యనుంచి, పెళ్ళికూతురు కూడా అంత నెమ్మదిగా నడవదన్నట్టు నడిచింది. తోడికోడలి దగ్గర ఆగింది.

“నేను వద్దంటూనే ఉన్నానక్కా. వింటేగా!”

స్పీకరు ఎదురుగా కూర్చోగానే చంటిది ఉలిక్కిపడి లేచి ఆరున్నొక్క రాగం అందుకుంది. దర్జీ వదిన మాత్రం నవ్వుతూనే ఉంది. ఆ మర్యాద చేసినాయన్ని మరోసారి కళ్ళారా చూసుకుందామని వెనక్కి తిరిగింది.

సరిగ్గా అప్పుడే పాట ఆగింది. పెళ్ళికూతురి నాన్న, గుమ్మం బయట ఎండలో నిలబడ్డ పెళ్ళికొడుకు వాళ్ళకి చేతులు జోడిస్తున్నాడు.

“రండి బావగారూ, పాటల మోత పడదన్నారని వెనక వేయించిన మీ కుర్చీలు ఖాళీ అయ్యాయి!”