గుత్తొంకాయ డబ్బా

ఫోను మోగుతోంది. తెర మీద ‘అమ్మ’ అని కనబడగానే కౌశల్ గుండె జారిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఈ వేళప్పుడు అమ్మ ఎప్పుడూ చేయదు. కొంపదీసి కాలేజీ వాళ్లు ఇంటికి గానీ చెప్పేశారా?

ఒళ్లో లాప్‌టాప్ తెరిచే ఉంది. అందులో కాలేజీ మెయిలు. ‘మూడు వారాలుగా మీరు ఒక్క క్లాసుకూ రాలేదు. ఈ రోజు నాలుగు గంటలకు వచ్చి మీ ట్యూటర్‌ని కలవకపోతే ఫస్టియర్ నుంచి మీ పేరు తీసేస్తాం.’ పొద్దుటి నుంచి పదిసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

ఫోను ఆగి మళ్లీ మోగింది. ఎత్తక తప్పలేదు.

"బిడ్డా, క్లాసుల ఉన్నవా?"

"ఇప్పుడే లెక్చర్ అయిపోయిందమ్మా. బయటికొచ్చా" అన్నాడు కౌశల్ దుప్పట్లోంచి.

"ఏం లేదు, గా గుత్తొంకాయ డబ్బా గురించి చేసిన. తీసినవా దాన్ని?"

అమ్మయ్య! కాలేజీ ఊసు కాదు, వంకాయ ఊసు.

మూడు వారాల కింద ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ ఇంటి నుంచి కొడుకును రెండు గంటల దూరంలోని కార్డిఫ్‌లో, కాలేజీ హాస్టల్లో దింపడానికి వచ్చినప్పుడు కమలాబాయి పన్నెండు ఐస్‌క్రీం డబ్బాల నిండా కూరలు తెచ్చింది. మూతల మీద టేపులు అంటించి, వాడికి తెలుగు చదవడం రాదని ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు రాసింది. అందరూ వాడే వంటగది ఫ్రీజర్‌లో తన చేత్తోనే సర్ది మరీ వెళ్లింది. ఆ పన్నెండూ అక్కడే గడ్డకట్టుకుని కూర్చున్నాయి. వంటగదిలోకి పోతే పక్క గదుల్లోని ఫ్లాట్‌మేట్లు కనబడతారు. ‘ఏంటి, క్లాసులో కనబడ్డం లేదు?’ అంటారు. అందుకని మూడు వారాలుగా కౌశల్ తిండి బిస్కెట్లు, చిప్స్, కొళాయి నీళ్లు.

"మొన్ననే తీశానమ్మా. తినేశా."

అవతల ఏదో మూత కింద పడ్డ చప్పుడైంది.

"అమ్మా? హలో?"

"మొత్తం తిన్నవా బిడ్డా?"

"ఫుల్ డబ్బా! సూపర్ ఉంది. గ్రేవీ కూడా వదల్లేదు, రైస్‌లో కలుపుకున్నా. కొంచెం స్పైసీ, బట్ పర్‌ఫెక్ట్."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మనవాడు అతికించడమే కాదు, పైన పాలిష్ కూడా పట్టించాడు.

"మంచిది బిడ్డా" అంది కమలాబాయి మెల్లగా. ఫోను పెట్టేసింది.

గండం గడిచింది అనుకున్నాడు. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ‘అమ్మా, నాకు భయంగా ఉంది’ అన్న ఒక్క మాట నాలుక చివరి దాకా వచ్చింది. పాడు వంకాయ అడ్డం పడింది.

నిజానికి జరిగిందేమీ లేదు. మొదటి రోజు లేవబుద్ధి కాక క్లాసుకు పోలేదు. మర్నాడు పోవడానికి సిగ్గేసింది. ఆ తర్వాత భయమేసింది. ఇప్పుడు గది తలుపు కూడా తీయలేకపోతున్నాడు.

ఒంటిగంటకు లేచి ఒక కాలికి సాక్సు తొడిగాడు. రెండో సాక్సు చేతిలో పట్టుకుని గంట కూర్చున్నాడు. రెండింటికి తలుపు దాకా వెళ్లాడు. బయట ఎవరో గట్టిగా నవ్వారు. తననే చూసి నవ్వినట్టనిపించి మళ్లీ వచ్చి పడుకున్నాడు. మూడింటికి లాప్‌టాప్ ముందేసుకుని ‘నేను చదువు మానేస్తున్నాను’ అని టైపు చేశాడు. ఒక్క నొక్కు నొక్కితే పీడా వదిలిపోతుంది. ఆ తర్వాత అమ్మకు ఏం చెప్పాలో మాత్రం తెలియలేదు.

మూడూ ఇరవైకి ఎవరో తలుపు కొట్టారు. హాస్టల్ వార్డెన్ అయ్యుంటాడు. ఊపిరి బిగబట్టాడు. మళ్లీ కొట్టారు.

"ప్లీజ్, గో అవే!"

"బిడ్డా, నేను."

పరుగున వెళ్లి తలుపు తీశాడు. ఇంట్లో వేసుకునే చెప్పులు, మాసిన నైటీ మీద కోటు, చేతిలో కారు తాళం, భుజాన సంచి. ఎదురుగా కమలాబాయి. సూపర్‌మార్కెట్ దాటి ఎన్నడూ కారు తీయని మనిషి.

"డాడీ ఏరి?"

"ఆఫీసుల ఉన్నడు. ఆయనకు చెప్పలే."

"మరి ఎలా వచ్చావ్?"

"నేనే నడుపుకుంటొచ్చిన. మోటర్‌వే మీద లారీలు పక్కపొంటి ఉరుకుతుంటె పానం అరచేతుల పెట్టుకొని వచ్చిన."

"ఎందుకమ్మా? ఐయామ్ ఫైన్! కొంచెం కోల్డ్, అంతే. క్లాసెస్ అన్నీ..."

ఆమె వినిపించుకోలేదు. మూసి ఉన్న కర్టెన్లు, నేల మీద బిస్కెట్ పొట్లాలు, పీక్కుపోయిన కొడుకు మొహం అన్నీ చూసింది. మంచం మీద కూర్చుని లాప్‌టాప్ ముందుకు లాక్కుంది. కాలేజీ మెయిలు చదివింది. దాని కింద కొడుకు టైపు చేసిన మాటా చదివింది. కౌశల్ కళ్లు మూసుకున్నాడు. ఇక తిట్ల వర్షమే.

ఆమె ఆ వాక్యాన్ని ఒక్కో అక్షరమే చెరిపేసింది.

"నాలుగింటికట. ఇంకా అర్ధగంట ఉన్నది. మొకం కడుక్కో, షూస్ ఏస్కో. నేను గూడ వస్త."

ఇక ఆగలేకపోయాడు. తల్లి ఒళ్లో తల పెట్టి బావురుమన్నాడు. కమలాబాయి వీపు నిమురుతూ కూర్చుంది. చివరికి తనే ముక్కు తుడుచుకుని అడిగాడు.

"నీకు ఎలా తెలిసిందమ్మా? కాలేజీ వాళ్లు కాల్ చేశారా?"

"నాకెవ్వరు చెయ్యలే."

సంచిలోంచి, ఇంటి నుంచి తెచ్చిన ఒక ఐస్‌క్రీం డబ్బా తీసింది. మూత మీద టేపు, ‘ఇడ్లీ పిండి’ అని ఆమె చేతిరాత. మూత తీసింది. లోపల నూనె తేలుతూ గుత్తొంకాయ కూర.

"టేపులు తారుమారైనయి, పారెయ్యమని చెప్దామనే ఇందాక ఫోన్ చేసిన. నువ్వు గ్రేవీతో సహా తిన్ననన్న డబ్బాల ఉన్నది పచ్చి ఇడ్లీ పిండి, బిడ్డా."