మార్పు లేదు

“నా కన్ను తిన్నది జబ్బు కాదు, మీరే! మీరంతా కలిసి తిన్నారు!”

టైలరు మాస్టరు ఫైలెత్తి బల్ల మీద కొట్టాడు. మూడేళ్లు. ఆరు నెలలకోసారి కుట్టుమిషను వదిలి, రెండు బస్సులు మారి వచ్చి, ఇక్కడి మిషను మీద గడ్డం ఆనించి, కంటి నరానికి ఫొటో తీయించుకుని వెళ్లాడు. నీటికాసులు, అదే గ్లకోమా, ముదురుతున్నాయో లేదో దాంట్లో తెలిసిపోతుందన్నారు. మొదటిది వదిలేస్తే, తక్కిన అయిదు ఫొటోల కిందా పెద్ద డాక్టరు చేతిరాతే: ‘మార్పు లేదు’. ఇప్పుడు ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కన్ను సగం మిగిలింది.

“సూదిలో దారం ఎక్కించలేనివాణ్ణి ఎవడు పనిలో పెట్టుకుంటాడయ్యా? ఎవరిది తప్పు? చెప్పండి!”

మేనేజరు లేచి గబగబా తలుపేశాడు. బయట వరసలో నలభైమంది ఉన్నారు. ఆస్పత్రిలో గొడవ జరిగితే మొదటి వైద్యం తలుపుకే.

“కూర్చోండి మాస్టారూ. తప్పెవరిదో తేలిపోయింది. ఉద్యోగం తీసేస్తున్నాం.”

తీసేస్తున్నది ఫొటో అమ్మాయిని. కాగితం అప్పటికే టైపు చేసి పెట్టారు. గోడ వారన నిలబడ్డ ఆమె సంతకం ఒక్కటే తక్కువ. ఎనిమిదేళ్లుగా రోజుకు అరవై కళ్లు ఫొటో తీస్తోంది. ఆ మిషను తప్ప ఆమెకు వేరే పని రాదు. ఈ కాగితం పట్టుకుని బయటికి పోతే ఇంకే ఆస్పత్రీ గడప తొక్కనివ్వదు.

పెద్ద డాక్టరు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. నుదుటి మీద ప్లాస్టరు. అల్మరా పైతలుపు తెరిచి వదిలేసిందని పొద్దున్నే ఆయాను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. కిందివాళ్లు ఉండేది అందుకేగా మరి.

“నరం పలచబడితే మిషనే పట్టేస్తుంది,” అన్నాడు డాక్టరు. “పాత ఫొటో, కొత్త ఫొటో పోల్చి, తేడా ఉంటే ఎర్ర గుర్తు పెడుతుంది. నాకు ఒక్క గుర్తూ రాలేదు. అంటే ఈ పిల్ల ఫొటోలే సరిగ్గా తీయలేదు.”

“వచ్చింది సార్,” అంది అమ్మాయి. “ఈయనకు మూడుసార్లు వచ్చింది.”

“వస్తే చెప్పడానికి నోరు లేదా?”

“ఒకసారి ఇంకొకరి ఫొటో గురించి చెప్పబోతే, ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు? తీయడం వరకే నీ పని’ అన్నారు మీరే. మీరు చూసే ఉంటారు, మందు మార్చే ఉంటారు అనుకున్నాను.”

అదీ అక్కడి పద్ధతి. కింద పనిచేసేవాళ్లకు కళ్లుండొచ్చు, నోరుండకూడదు.

మేనేజరు మాట మళ్లించాడు. “అయినా మాస్టారూ, ఇంత చూపు పోతుంటే మీకే తెలియలేదా?”

“తెలిస్తే ఈ గతెందుకు? నొప్పా? లేదు. చీకటా? అదీ లేదు. చిరిగినచోట అదే రంగు గుడ్డతో అతుకేస్తే తెలుస్తుందా? అలాగే. ఉన్నదంతా చూస్తున్నాననే అనుకున్నా. ‘ఏమయ్యా, దండెం మీది చొక్కా మొహానికి కొట్టుకుంటున్నా తప్పుకోవేం?’ అని మా ఆవిడ అరిచిందాకా నాకు తెలియనే లేదు.”

డాక్టరు విసుక్కున్నాడు. “రేపు పదకొండు ఆపరేషన్లున్నాయి నాకు. ఈ పంచాయితీ తొందరగా తేల్చండి. చివరి ఫొటో తెరుస్తున్నాను. అందరూ చూడండి.”

తెర వెలిగింది. పొడుగాటి తెర. కింద నరం ఫొటోలు రెండు, వాటి కింద అంకెలు. పై మూలన, గోలీ అంత, ఎర్రటి గుర్తు.

డాక్టరు దర్జాగా వెనక్కి వాలాడు. “చూశారుగా? ఎక్కడుందండీ ఎర్ర గుర్తు?”

మేనేజరు కళ్లు ఆ పై మూలకే పోయాయి. మాస్టరు మెడ పైకెత్తి తెరను చూశాడు. తర్వాత డాక్టరును చూశాడు.

“ఇంత పచ్చి అబద్ధమా? సగం గుడ్డివాణ్ణి, నాకే కనపడుతోంది కదయ్యా!”

అమ్మాయి ముందుకొచ్చి తెర మీద వేలు పెట్టింది. “ఇదిగో సార్.”

డాక్టరు ఆ వేలివెంట తలెత్తాడు.

“ఇది... ఇది ఇప్పుడు పెట్టింది! ఇందాక లేదు! నా పిల్లల మీద ఒట్టు, ఇందాక ఇక్కడ ఏమీ లేదు!”

“ఛీ, పిల్లల మీద కూడా వేస్తున్నాడు ఒట్టు,” అన్నాడు మాస్టరు.

మేనేజరు గుర్తును చూశాడు. పెద్ద డాక్టరును చూశాడు. తలుపు అవతలి నలభైమంది గుర్తొచ్చారు. ఎవరిని వదులుకోవాలో తేల్చుకోవడానికి అతనికి రెప్పపాటు చాలింది. కాగితం, పెన్ను అమ్మాయి ముందుకు తోశాడు.

“సార్ పిల్లల మీద ఒట్టేశారు. ఇంకేం కావాలి? పెట్టమ్మా సంతకం.”

అమ్మాయి కాగితం వంక చూడనే లేదు. డాక్టరు నుదుటి మీది ప్లాస్టరును చూసింది, ఆ బెదురు చూపును చూసింది.

“సార్ అబద్ధం చెప్పడం లేదు,” అంది.

“మరి?”

“సంతకం సంగతి తర్వాత, ముందు రేపటి పదకొండు ఆపరేషన్లూ ఆపించి, పెద్ద డాక్టరుగారి గడ్డం నా మిషను మీద ఆనించండి, ఆయన కంటి నరానికి ఫొటో తీయాలి.”