పెద్దవారిని వెనక్కి పంపే ఆట

చిందరవందరగా ఉన్నవాటిని కంప్యూటరు ఎలా వరుసలో పెడుతుందో పిల్లలకు నేర్పే ఆట అది. కోడలు ఒక్కతే తయారుచేసింది. అది తనదని తేలితే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. ఆఫీసుకు పంపేముందు అత్తగారి చేత ఆడించింది.

తెరమీద పొడుగాటి కుర్రాడు, పక్కన పొట్టి ముసలమ్మ. "ఇద్దరిలో పెద్దవారిని వెనక్కి పంపండి" అని కింద రాసి ఉంది.

అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెద్దావిడను వెనక్కి తోసెయ్యాలా? పిల్లలకు భలే సంస్కారం నేర్పుతున్నావమ్మా!"

"పెద్ద అంటే పొడుగు అత్తయ్యా, వయసు కాదు."

"పొడుగు అనే మాటకు కరువొచ్చిందా?"

కోడలు నవ్వి, తెరమీద ఆ మాటను 'పొడుగువారిని' అని మార్చింది. అత్తగారు వరుస పూర్తిచేసింది. చివర్లో రెండు పేర్లు కనిపించాయి. పైన 'రూపకల్పన' అని ఎవరిదో పేరు, కింద 'సహాయం' అని కోడలి పేరు.

"ఈ పైనాయనెవరు?"

"మా పెద్దసారు."

"ఆయనేం చేశాడు?"

"ఆట బాగుందన్నారు."

"అబ్బో, పాపం ఎంత అలిసిపోయాడో!"

"పెద్దవారు కదా అత్తయ్యా, ముందుండాలి."

అత్తగారు దేవుడి పటంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"వెనక్కి పంపు. ఆ పాపమేదో నాకు చుట్టుకోనీ."

కోడలు పేర్లు రెండూ తారుమారు చేసి, ఆట పంపేసింది.