పసుపు డబ్బీల మూతలు

పడవ మీద చేపల జాడ చూపే మిషన్‌ను మెకానిక్ రజాక్ ఇప్పంగనే లోపటి నుంచి సాగర్ డ్యాం బురదనీళ్లు కారినయి.

“జూసినవా, మా తమ్ముడు మల్లేశ్ దీని మీద తడి వల ఏసిండు. అందుకే పడవలకెళ్లి ఎల్లగొట్టిన. పట్నంల ఇటుకలు మోస్తాండు, మోయనీ,” అన్నడు పడవ ఆసామి జానయ్య.

“పైన తడిస్తే దీనికేం గాదన్నా. ఎనుక వైర్లు పెట్టని బొక్కలల్లకెళ్లి పోయినయి నీళ్లు. వాటికి రబ్బరు మూతలుండాలె. ఏవి?”

జానయ్య పెండ్లాం బీరమ్మ ఇంట్ల దేవుని గూట్లకెళ్లి పసుపు డబ్బీ తెచ్చి మొగుని ముందల తెరిచింది. మూతలు కొత్తగ, పొడిగ ఉన్నయి.

“పడవల ఉంటే పోతయ్, జర దాసిపెట్టుమని నువ్వే గదా ఊడబీకి ఇచ్చినవ్.”

జానయ్య డబ్బీ మూత గట్టిగ బిగించిండు.

“గీ ముచ్చట మల్లేశ్ చెవుల పడొద్దు,” అన్నడు.